వడ్లలో లేని జీఎం నూకల్లో ఎలా తేలింది?

మిర్యాలగూడ దగ్గర చిన్నాన్న రైస్ మిల్లు చూసుకుంటున్న తమ్ముడు అడిగింది ఇదీ: కాకినాడ ఎక్స్‌పోర్టర్ ద్వారా యూరప్ పంపడానికి నూకల శాంపిల్ ఇచ్చారు. ల్యాబ్ రిపోర్టులో ‘జీఎం పాజిటివ్’ అని, అంటే బయటి జన్యువు పెట్టిన పంట ఆనవాళ్లు ఉన్నాయని వచ్చింది. సరుకు ఆగిపోయింది. ‘అన్నా, మా ఆయకట్టులో ఎవరూ జీఎం వడ్లు వేయలేదు. పక్క చేలల్లో బీటీ పత్తి ఉంది, దాని పుప్పొడి వరిలోకి వచ్చిందా? ఇక కమల అనే కొత్త వరి వస్తోందంటున్నారు, అది వేస్తే ఇంకా ఇబ్బందా? మెట్ట చేనుకు గడ్డి మందు తట్టుకునే పత్తి విత్తనం తెస్తామని ఒకాయన తిరుగుతున్నాడు, తీసుకోమంటావా?’

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకో. పత్తి పుప్పొడి వరిలోకి రాదు. రెండూ వేర్వేరు కుటుంబాల మొక్కలు. ఆవుకూ కోడికీ పిల్ల పుట్టదన్నంత ఖాయంగా ఈ మాట చెప్పొచ్చు. మన దేశంలో రైతు వేసుకోవడానికి అనుమతి ఉన్న జీఎం పంట ఇప్పటికీ పత్తి ఒక్కటే. 2002 మార్చిలో మొదటి బీటీ పత్తికి (పురుగును తట్టుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువు పెట్టిన పత్తి), 2006లో రెండు జన్యువుల బోల్‌గార్డ్-2కు అనుమతి వచ్చింది. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. డీఎంహెచ్-11 అనే జీఎం ఆవాలకు 2022 అక్టోబరులో జీఈఏసీ (జీఎం పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ) సరేనన్నా, కేసు సుప్రీంకోర్టుకు వెళ్లి 2024 జులైలో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు. జీఎం వరి అసలు ఆ దశకే రాలేదు. కాబట్టి మీ ఆయకట్టు వడ్లు జీఎం అయ్యే దారి లేదు.

మరి పాజిటివ్ ఎందుకొచ్చింది? నా అనుమానం పత్తి మీదే, కానీ పుప్పొడి మీద కాదు. మీ గోనె సంచుల మీద, లారీ మీద, గోదాము మూలల మీద.

ఇలాంటిదే ఒకటి నా చేతి మీదుగా జరిగింది కాబట్టి చెప్తున్నా. నేను గద్వాలలో సీడ్ పత్తి పనిలో 9 ఏళ్లు చేశాను. తర్వాత ఎగుమతి బియ్యం శాంపిళ్ల పనిలోకి వచ్చాను. ఆ కొత్తలో ఒక మిల్లు నుంచి వెళ్లిన నూకల లాట్ ఇలాగే పాజిటివ్ వచ్చి ఆగింది. మిల్లు యజమాని దేవుడి పటం మీద చెయ్యేసి మరీ ‘మావి దేశీ వడ్లే’ అన్నాడు. ఆయన అబద్ధం ఆడటం లేదని నాకూ తెలుసు. మా దగ్గర దాచిన శాంపిల్ సంచి తెరిచి తెల్లటి ట్రేలో పోసి, ట్యూబ్‌లైటు కింద కూర్చుని చిమటాతో ఒక్కో గింజా పక్కకు జరుపుతూ చూశాం. గంట దాటాక నూకల మధ్య బూడిద రంగు నలుసు ఒకటి దొరికింది. గోటితో గీస్తే పైన సన్నటి నూగు. అది సగం చితికిన పత్తి గింజ. ఇంకాసేపటికి నూకకు చుట్టుకున్న దూది పోగు కనిపించింది. ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తే, పోయిన సీజన్లో జిన్నింగ్ మిల్లు నుంచి పత్తి గింజలు మోసిన సంచులు పాత సంచుల కట్టలో కలిసిపోయాయి. దులిపి వాడేశారు. గోనె పోగుల సందుల్లో ఇరుక్కున్నది దులిపితే పోదు.

ఇంత చిన్న నలుసుకే రిపోర్టు ఎలా మారిపోతుందో తెలియాలంటే, ల్యాబ్‌వాళ్లు దేని కోసం చూస్తారో తెలియాలి. నూకలను పిండి చేసి అందులో డీఎన్‌ఏ తీస్తారు. పీసీఆర్ యంత్రం దాన్ని కోట్ల రెట్లు పెంచి చూస్తుంది, అందుకే వేలో ఒక వంతు కన్నా తక్కువ ఉన్నా దొరికిపోతుంది. మొదటి వడపోతలో వాళ్లు వెతికేవి ముఖ్యంగా రెండు ముక్కలు: 35ఎస్, నాస్. మొదటిది కాలీఫ్లవర్‌కు వచ్చే ఒక వైరస్ నుంచి, రెండోది మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి తీసుకున్నవి. పెట్టిన జన్యువు ఎక్కడ పని మొదలుపెట్టాలో ఒకటి, ఎక్కడ ఆపాలో ఇంకొకటి చెప్తాయి. చాలా జీఎం పంటల్లో ఈ రెంటిలో ఏదో ఒకటైనా ఉంటుంది కాబట్టి ముందు వీటిని చూస్తారు. అంటే ఆ పిండిలో ఎక్కడో ఒక జీఎం మొక్క ముక్క ఉందని మాత్రమే ఈ వడపోత చెప్తుంది. అది వరా, పత్తా అన్నది చెప్పదు. ‘నూకల శాంపిల్ జీఎం పాజిటివ్’ అన్న మాటను ‘వరి జీఎం’ అని చదువుకోవడమే మన మిల్లుల్లో జరుగుతున్న పెద్ద పొరపాటు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. 2006లో చైనా నుంచి యూరప్ వెళ్లిన బియ్యం ఉత్పత్తుల్లో బీటీ63 అనే, ఎక్కడా అనుమతి లేని వరి బయటపడింది. 2008 నుంచి ఆ దేశపు బియ్యం ఉత్పత్తులకు యూరప్ తప్పనిసరి పరీక్ష పెట్టింది. ఆ బీటీ63లో ఉన్నదీ, మన బీటీ పత్తిలో ఉన్నదీ దగ్గరి చుట్టాల్లాంటి, పురుగును చంపే క్రై జన్యువులే. అందుకే అక్కడి ల్యాబ్‌లో మన శాంపిల్‌కు క్రై జన్యువు, నాస్ రెండూ పాజిటివ్ వస్తే వాళ్ల బుర్ర ముందు బీటీ వరి వైపే పోతుంది. కానీ తేడా పట్టే గుర్తు ఉంది: బీటీ63లో 35ఎస్ ఉండదు, వేరే ముక్క ఉంటుంది. మన బోల్‌గార్డ్-2 పత్తిలో 35ఎస్, నాస్ రెండూ ఉంటాయి. నీ రిపోర్టులో 35ఎస్ కూడా పాజిటివ్ ఉంటే, పత్తి కలిసిందన్న అనుమానానికి బలం వస్తుంది. రుజువు కావాలంటే ల్యాబ్‌వాళ్లను ఒక్క మాట అడుగు: అదే డీఎన్‌ఏలో పత్తి సొంత జన్యువు ఉందో లేదో చూడమను. ప్రతి పంటకూ దానికి మాత్రమే ఉండే జన్యువు ఒకటి ఉంటుంది, ల్యాబ్‌ల దగ్గర వాటికి పరీక్షలుంటాయి. పత్తిది దొరికితే కథ తేలిపోయినట్టే. మేము ఆ రోజు అలాగే చేయించాం. పత్తి అని తేలింది. కానీ అప్పటికే కొనేవాడు వేరే దగ్గర సరుకు చూసుకున్నాడు. ఆ లాట్ లోకల్ మార్కెట్లో తక్కువ రేటుకు పోయింది. మన వరి తప్పు లేదని రుజువు చేసుకున్నా, రెండు నెలలు సరుకు ఆగినందుకు కట్టిన డెమరేజీ ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

2021లో జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది జూన్‌లో ఫ్రాన్స్, మన దేశం నుంచి వెళ్లిన దాదాపు 500 టన్నుల నూకలతో తయారైన పిండిలో జీఎం ఉందని యూరప్ దేశాలన్నిటికీ హెచ్చరిక పంపింది. ఆ పిండి వాడిన ఒక పేరున్న చాక్లెట్ కంపెనీ కొన్ని దేశాల్లో సరుకు వెనక్కి పిలిపించుకుంది. మన దేశంలో జీఎం వరి సాగే లేదని, కలిస్తే అక్కడ పిండి పట్టేటప్పుడు కలిసి ఉండాలని మన వాణిజ్య శాఖ జవాబిచ్చింది. సాగు లేదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ జవాబుతో నమ్మకం తిరిగి రాలేదు, మన నూకల మీద వాళ్ల చూపు మారింది. నీ శాంపిల్‌ను ఇంత గట్టిగా పరీక్షించడానికి మూలం అక్కడుంది.

వాళ్ల చట్టం కూడా కఠినం. అనుమతి ఉన్న జీఎం పొరపాటున కలిస్తే 0.9 శాతం దాకా లేబుల్ లేకుండా పోనిస్తారు. అనుమతి లేనిదైతే ఆహారంలో నలుసంత కూడా ఒప్పుకోరు. జపాన్‌లో లేబుల్ గీత 5 శాతం, దక్షిణ కొరియాలో 3 శాతం. ఇదంతా పొగరు అనుకోకు. మనమూ అదే అడుగుతున్నాం. 2021 మార్చి 1 నుంచి 24 రకాల ఆహార పంటల దిగుమతికి ‘జీఎం కాదు’ అన్న సర్టిఫికెట్ ఉండాలని మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టింది, పొరపాటున కలిస్తే 1 శాతం దాకా పర్లేదంది. ఆ జాబితాలో వరి, మొక్కజొన్న, సోయా ఉన్నాయి. మనం బయటివాళ్లను అడిగే కాగితాన్నే వాళ్లు మనల్ని అడుగుతున్నారు.

కొన్ని దగ్గర్ల మన నియమం కూడా రైతుకు వింతగా కనిపిస్తుంది, నిజమే. వంటింట్లో వాడే సోయా నూనె చాలావరకు అర్జెంటీనా, బ్రెజిల్‌లలో పండిన జీఎం సోయాదే. శుద్ధి చేసిన నూనెలో జన్యువు గానీ దాని ప్రోటీన్ గానీ దాదాపు మిగలదు కాబట్టి అనుమతి ఉంది. 2021 ఆగస్టులో కోళ్ల దాణా రేట్లు మండిపోయినప్పుడు 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్కకు (నూనె తీశాక మిగిలే పిప్పి) కూడా తలుపు తీశారు. షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలవాళ్లకు అది ఊపిరి పోసింది, సోయా వేసిన రైతుకు రేటు పడిపోయింది. అమెరికాతో వాణిజ్య చర్చల్లో మొక్కజొన్న పేరు వినిపించినప్పుడు పాలమూరు మక్క రైతు భయపడటంలో అర్థం ఉంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా: గింజ మొలకెత్తే రూపంలో రానివ్వడం వేరు, పిండో నూనో చెక్కో రావడం వేరు. మొలకెత్తే గింజ ఒక్కసారి లోపలికి వస్తే ఏ జీవో దాన్ని వెనక్కి పిలవలేదు.

అమెరికా వరి రైతులకు ఏం జరిగిందో చూడు. 2006 ఆగస్టులో అక్కడి పొడవు గింజ బియ్యంలో ఎల్‌ఎల్601 అనే, అప్పటికి అనుమతి లేని జీఎం వరి ఆనవాళ్లు దొరికాయి. ఒకప్పుడు ట్రయల్ మడుల్లో వేసి వదిలేసిన రకం అది. జపాన్ ఆ బియ్యాన్ని ఆపేసింది, యూరప్ ప్రతి ఓడకూ పరీక్ష పెట్టింది. అదే ఏడాది నవంబరులో అమెరికా ప్రభుత్వం ఆ రకానికి అనుమతి ఇచ్చేసింది కూడా. అయినా పోయిన మార్కెట్ తిరిగి రాలేదు. 2011లో ఆ రకం సొంతదారైన బేయర్ కంపెనీ రైతులకు 75 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మన ఇంట్లో సర్కారు సరేనన్నంత మాత్రాన కొనేవాడి ఇంట్లో సరేనన్నట్టు కాదు. ఏది జీఎం అన్నది గింజలో రాసి ఉండదు తమ్ముడూ, ఏ దేశానికి ఆ దేశం చట్టంలో రాసుకుంటుంది.

ఈ మాట పట్టుకునే కమల దగ్గరికి వద్దాం. 2025 మే 4న రెండు జన్యు సవరణ వరి రకాలను విడుదల చేశారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, దీన్నే కమల అంటున్నారు. మన రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ దీన్ని సాంబా మసూరి నుంచి చేసింది, అంటే మీ ఆయకట్టులో అందరూ వేసే బీపీటీ 5204 నుంచే. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1, ఎంటీయూ 1010 నుంచి. సాంబా కన్నా కమల దాదాపు 20 రోజులు ముందు కోతకు వస్తుందని, 19 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందని సంస్థ చెప్తోంది. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు 20 రోజుల నీళ్లంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇందులో బయటి జన్యువు పెట్టలేదు, ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేశారు. అందుకే 2022 మార్చిలో మన ప్రభుత్వం ఇలాంటి వాటిని 1989 నాటి జీఎం నిబంధనల్లోని ముఖ్యమైన అనుమతుల నుంచి తప్పించింది. అంటే మన చట్టం ప్రకారం కమల జీఎం కాదు. కానీ యూరప్ అత్యున్నత కోర్టు 2018 జులై 25న, జన్యు సవరణ పంటలు కూడా జీఎం చట్టం కిందికే వస్తాయని తీర్పు ఇచ్చింది. దాన్ని సడలించే ప్రతిపాదన 2023 జులైలో యూరోపియన్ కమిషన్ పెట్టింది. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చేదాకా కొనేవాడు పాత తీర్పునే పట్టుకుంటాడు. తమాషా ఏమిటంటే ఇందులో 35ఎస్, నాస్ ఉండవు కాబట్టి పైన చెప్పిన మొదటి వడపోతలో కమల నెగెటివ్ వస్తుంది. డీఎన్‌ఏలో ఏ అక్షరం మార్చారో తెలిసి, దాని కోసమే తయారు చేసిన పరీక్షతోనే దొరుకుతుంది. దొరకదు కదా అని ‘జీఎం కాదు’ కాగితం మీద సంతకం పెట్టే ఆలోచన మాత్రం రానివ్వకు. ఆ సంతకం మీ చిన్నాన్నది అవుతుంది.

నేను కమలకు వ్యతిరేకం కాదు. మన హైదరాబాద్ శాస్త్రవేత్తలు ప్రభుత్వ డబ్బుతో చేసిన రకం. సరైన దారిలో సర్టిఫై అయిన విత్తనం సంచిలో వస్తే, ఇక్కడ తినే బియ్యానికి, సర్కారు కొనుగోలుకు వేసుకోవచ్చు. ఎగుమతి లాట్‌తో మాత్రం కలపొద్దు. కొనే దేశం ఏది, వాళ్లు సవరణ వరిని ఎలా చూస్తారు అన్నది ఎక్స్‌పోర్టర్‌ను రాతపూర్వకంగా అడుగు. 2025 మార్చి 31న కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల మన తెలంగాణ ఎంటీయూ 1010 బియ్యం వెళ్లింది. రేపు అదే 1010లో సవరణ రకం ఊళ్లలోకి వచ్చాక, రెండు వడ్లూ ఒకే కల్లంలో పోస్తే కంటితో చూసి ఎవడూ విడదీయలేడు. మీ మిల్లు ఇప్పటి నుంచే లాట్ వారీగా రకం పేరు, రైతు ఊరు, లారీ నంబరు రాయడం అలవాటు చేసుకోవాలి. ‘సన్నాలు’, ‘దొడ్లు’ అని పుస్తకంలో రెండు గళ్లు రాసుకుంటే ఇక సరిపోదు.

మళ్లీ నీ నూకల దగ్గరికి. నూకలు ఎందుకు ఎక్కువ దొరికిపోతాయంటే, అవి ఒక మిల్లు సరుకు కాదు. పది మిల్లుల నూకలు ఒక చోట కలిసి ఓడ ఎక్కుతాయి. మీది శుభ్రంగా ఉన్నా పక్క మిల్లు సంచితో మీ పేరు పోవచ్చు. అందుకే ఎగుమతి సరుకుకు కొత్త సంచులు తప్ప పాతవి ముట్టొద్దు. లారీ వచ్చాక పరదా విప్పే ముందే బాడీలో పత్తి, మక్కలు, చెక్క పొడి ఉన్నాయేమో హమాలీలతో కాకుండా నువ్వే ఎక్కి చూడు. పత్తి గింజల చెక్క నిల్వ ఉన్న గోదాములో నూకలు పెట్టొద్దు. ప్రతి లాట్‌లో పది పదిహేను సంచులు గుచ్చి తీసిన శాంపిల్ కలిపి, రెండు కిలోలు సీల్ వేసి, తేదీ రాసి సరుకు చేరేదాకా దాచు. మమ్మల్ని ఆ రోజు కాపాడింది ఆ దాచిన సంచే. పరీక్ష ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేయించు, యూరప్ వెళ్లే సరుకు కాగితాలకు ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ కౌన్సిల్‌ను అడుగు. ఇంకొకటి, నువ్వు అడగలేదు గానీ చెప్పాలి: జీఎం కన్నా మందుల అవశేషాలతో యూరప్‌లో మన బియ్యం ఎక్కువ ఇబ్బంది పడుతోంది. అగ్గి తెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ పరిమితిని వాళ్లు 2017లోనే కిలోకు 0.01 మిల్లీగ్రాముకు దించేశారు. బీపీటీకి అగ్గి తెగులు ఎక్కువ, ఆ మందూ ఎక్కువే పడుతుంది. ఆ పరీక్ష కూడా కలిపి చేయించు.

ఇక గడ్డి మందు పత్తి. తీసుకోవద్దు. ఊళ్లలో బీజీ-3 అని పేరు పెట్టి లూజుగా అమ్ముతున్నది ఇదే. బీజీ-3 అన్నది మన దేశంలో అనుమతి పొందిన విత్తనం కాదు. కలుపు మందును తట్టుకునే పత్తి కోసం పెట్టిన దరఖాస్తును కంపెనీయే 2016లో వెనక్కి తీసుకుంది. అయినా విత్తనం చేలల్లోకి పాకింది. గద్వాలలో ఉండగా ఇలాంటి విత్తనం కొన్ని శాంపిళ్లు నేనే స్ట్రిప్‌తో చూశాను. లేత ఆకు గోరంత గిల్లి, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వేసి, చుక్కల ద్రావణం పోసి పుల్లతో నూరి, కాగితపు పట్టీ ముంచుతాం. ఐదు పది నిమిషాల్లో గీతలు తేలతాయి. ఒకే సంచిలోని విత్తనం మొలకల్లో ఒక మొక్కకు గడ్డి మందు గీత వచ్చింది, పక్క మొక్కకు రాలేదు. ఒకదానికి బీటీ గీత ఉంది, ఇంకోదానికి లేదు. ఎందుకంటే చాలాచోట్ల అది పోయినేటి పత్తి నుంచి తీసిన రెండో తరం గింజ. ఆ చేనులో గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొడితే గీత రాని మొక్క కలుపుతో పాటే మాడిపోతుంది, సాళ్లలో బొక్కలు పడతాయి. పత్తి మధ్యలో మీ నాన్న పెట్టే కంది సాలు మొత్తం పోతుంది.

కలుపు కూలీ దొరక్క, దొరికినా రేటు భరించలేక రైతు దీని వైపు చూస్తున్నాడని నాకు తెలుసు. ఆ బాధ నిజమైనది. దాన్ని తీర్చాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, అనుమతి ఇవ్వడమో, వేరే దారి చూపడమో తేల్చకుండా ఏళ్ల తరబడి నానబెట్టడం నాకూ కోపం తెప్పిస్తుంది. కానీ బిల్లు లేని విత్తనం మొలవకపోతే నష్టపరిహారం అడగడానికి నీ చేతిలో ఒక్క కాగితం ఉండదు. బోల్‌గార్డ్-2 ప్యాకెట్‌కు 2025లో కేంద్రం పెట్టిన గరిష్ట ధర 901 రూపాయలు. బిల్లుతో కొను, ప్యాకెట్, బిల్లు రెండూ పంట అమ్మేదాకా దాచు. గులాబీ పురుగుకు బోల్‌గార్డ్-2 ఇప్పుడు పెద్దగా పని చేయడం లేదు, కాబట్టి పూత దశ నుంచి లింగాకర్షక బుట్టలు పెట్టుకో. పంటను జనవరి దాటి లాగకు.

పత్తి అమ్మకం గురించి భయం అక్కర్లేదు. దూది నార మీద జీఎం అని ఏ దేశమూ పేచీ పెట్టదు, నారలో ప్రోటీన్ ఉండదు. ఆర్గానిక్ సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లకు మాత్రమే బీటీ అడ్డం.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటే. రిపోర్టు రెండో పేజీలో ఏ ముక్కకు పాజిటివ్, దేనికి నెగెటివ్ అని వరుసగా ఉంటుంది. 35ఎస్, నాస్, క్రై1ఏబీ/ఏసీ, ఈ మూడింటి పక్కన ఏం రాసుందో, నూకలు ఏ సంచుల్లో వెళ్లాయో నాకు రాయి. దాచిన శాంపిల్ ఉంటే సీల్ విప్పకు, ముందు నాకు చెప్పు.